అసింక్, అవైట్ రాసినా పేజీ ఎందుకు హ్యాంగ్ అవుతోంది? జావాస్క్రిప్ట్‌లో థ్రెడ్లు ఉన్నాయా, లేవా?

ప్రశ్న (పలాస నుంచి)

అందరికీ నమస్కారం. మాది పలాస. జీడిపిక్కలు కొనే ఒక వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తుంటాను. తూకాల లెక్క కోసం బ్రౌజర్‌లోనే నడిచే ఒక పేజీని జావాస్క్రిప్ట్‌లో నేనే రాశాను. మందస, వజ్రపుకొత్తూరు వైపు కొనుగోలు కేంద్రాల తూకాలన్నీ ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలులో చేరతాయి. తేదీ, చీటీ నంబరు, రైతు పేరు, ఊరు, బస్తాలు, కిలోలు, ధర అన్నవి ఒక్కో వరుసలో ఉంటాయి. మా లెక్కలో బస్తా అంటే 80 కిలోలు. ఐదు సీజన్లవి కలిపితే 90 వేల వరుసలు, 1,800 మంది రైతులు.

రైతువారీ మొత్తాలు తీసే బటన్ నొక్కగానే పేజీ హ్యాంగ్ అయిపోతుంది. బటన్ లోపలికి దిగినది దిగినట్టే ఉండిపోతుంది. ‘లెక్కిస్తున్నాం’ అని చూపించమని ఫంక్షన్ మొదటి వరుసలోనే రాశాను గానీ ఆ మాట తెర మీదికి రాదు. సుమారు 14 సెకన్ల తరువాత ఫలితం ఒక్కసారిగా పడుతుంది. ఈలోగా మా గుమస్తా పని మొదలు కాలేదనుకుని మరో రెండు మూడు సార్లు నొక్కితే, ఆ నొక్కులన్నీ ఎక్కడో దాగి ఉండి, మొదటి లెక్క పూర్తి కాగానే ఒకదాని వెంట ఒకటి అదే లెక్కను మళ్లీ మొదలుపెడుతున్నాయి.

నేను చేసిన ప్రయత్నాలు ఇవి. మొదట ఆ ఫంక్షన్‌ను అసింక్‌గా (మధ్యలో ఆగి ఎదురుచూడగలిగేదిగా) మార్చాను, తేడా లేదు. తరువాత లూప్‌లో ప్రతి వరుస దగ్గరా అప్పటికే తీరిపోయిన ఒక ప్రామిస్ (తరువాత రాబోయే ఫలితానికి గుర్తుగా ఉండే వస్తువు) కోసం అవైట్ పెట్టాను. అప్పుడూ తేడా లేదు. లెక్క మొత్తాన్ని సున్నా మిల్లీసెకన్ల సెట్‌టైమ్‌అవుట్‌లో (చెప్పిన సమయం గడిచాక పనిని మొదలుపెట్టేది) పెట్టి చూశాను; కాస్త ఆగి హ్యాంగ్ అయింది. చివరికి ఒక్కో వరుసకూ ఒక్కో సెట్‌టైమ్‌అవుట్ పెడితే పేజీ హ్యాంగ్ కాలేదు గానీ, లెక్క తేలడానికి ఆరు నిమిషాలు దాటింది. ఎక్కడ పొరబడుతున్నానో చెప్పగలరా?

దీనికి సంబంధించినదే అనిపించే మరో సందేహం కూడా ఉంది. ఒక్కోసారి రెండు తూకాలకు ఒకే చీటీ నంబరు పడుతోంది. రైతు పేరు వెతికేటప్పుడు కూడా, చివర టైపు చేసిన పేరుకు బదులు అంతకు ముందు టైపు చేసిన పేరు ఫలితాలు తెర మీద మిగిలిపోతున్నాయి. జావాస్క్రిప్ట్‌లో ఒకే థ్రెడ్, అంటే పనులు ఒకదాని తరువాత ఒకటిగా నడిచే ఒకే దారి, ఉంటుందని చదివాను. ఒకే థ్రెడ్ ఉన్నచోట ఇలాంటి పోటీ ఎలా వస్తుంది?

సమాధానం 1 (విజయనగరం నుంచి)

నమస్కారం అండీ. ముందు హ్యాంగ్ అవడం గురించి చెబుతాను. మీ నాలుగు ప్రయత్నాలూ ఫలించకపోవడానికి మూలం ఒక్కటే. ఎదురుచూడటం వేరు, లెక్క చేయడం వేరు. అసింక్, అవైట్ అన్నవి ఎదురుచూడటానికి పనికొస్తాయి. మీ పేజీ ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు, 14 సెకన్ల పాటు లెక్క చేస్తూనే ఉంది.

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం ఈ భాషను తయారు చేసిన నాటి నుంచీ పేజీలోని స్క్రిప్టు ఒకే థ్రెడ్‌లో నడుస్తోంది. దాన్ని మెయిన్ థ్రెడ్ అంటాం. మీ ఫంక్షన్లు నడపడం, మౌస్ నొక్కులకు స్పందించడం, పేజీలో ఏది ఎక్కడ ఉండాలో లెక్కగట్టి తెరను సిద్ధం చేయడం అన్నీ దాని మీదే పడతాయి. కాటా దగ్గర ఒక్క మనిషే ఉండి, ఒక బండి తూకం పూర్తయ్యాకే మరో బండి వైపు చూస్తాడనుకోండి. వెనుక బండ్లు వరుసలో నిలబడే ఉంటాయి. మీ గుమస్తా అదనంగా నొక్కిన నొక్కులు అలా వరుసలో నిలిచినవే. ఆ వరుసను టాస్క్ క్యూ అనీ, దాని నుంచి ఒక్కొక్కటీ తీసి నడిపే చక్రాన్ని ఈవెంట్ లూప్ అనీ అంటారు. (హ్యాంగ్ అయిన పేజీలో కూడా ఒక్కోసారి స్క్రోల్ సాఫీగా కదులుతుంది. స్క్రోల్‌ను చాలావరకు కంపోజిటర్ అనే మరో థ్రెడ్ చూసుకోవడమే అందుకు కారణం. స్క్రోల్ అవుతోంది కాబట్టి మెయిన్ థ్రెడ్ ఖాళీగా ఉందని అనుకోకూడదు.)

ఇక మీ ప్రయత్నాలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఫంక్షన్ ముందు అసింక్ అని రాసినంత మాత్రాన అది వేరే థ్రెడ్‌కు వెళ్లదు. మొదటి అవైట్ తగిలేదాకా అది మామూలు ఫంక్షన్‌లాగే, పిలిచిన చోటే నడుస్తుంది.

రెండో ప్రయత్నం విఫలం కావడం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను. అప్పటికే తీరిన ప్రామిస్ కోసం అవైట్ చేస్తే, మిగిలిన పని టాస్క్ క్యూలోకి కాకుండా మైక్రోటాస్క్ క్యూ అనే మరో వరుసలోకి వెళుతుంది. నడుస్తున్న స్క్రిప్టు ఆగగానే బ్రౌజర్ ఈ మైక్రోటాస్క్ వరుసను పూర్తిగా ఖాళీ చేస్తుంది. అది ఖాళీ అయ్యేదాకా మరో టాస్కును ముట్టదు, తెరనూ గీయదు. మీ లూప్‌లో ఒక వరుస పూర్తికాగానే తరువాతి వరుస అదే మైక్రోటాస్క్ క్యూలో వచ్చి చేరుతోంది. అంటే 90 వేల సార్లు ఆగినట్టే కనిపించినా, ఒక్కసారి కూడా తెరకు గానీ, నొక్కులకు గానీ అవకాశం దొరకలేదు. అదే అవైట్ ఫెచ్ కోసం అయి ఉంటే, సర్వరు జవాబు వచ్చేదాకా బ్రౌజర్ నిజంగానే వేరే పనులు చూసుకునేది.

మూడోది 14 సెకన్ల పనిని కాస్త ఆలస్యంగా మొదలుపెట్టడమే, అంతకు మించి ఏమీ కాదు.

నాలుగోదానిలో మీరు సరైన దారిలోనే అడుగు పెట్టారు గానీ ముక్కలు మరీ చిన్నవి చేశారు. సెట్‌టైమ్‌అవుట్ లోపల సెట్‌టైమ్‌అవుట్ ఐదు మెట్లు దాటాక, మీరు సున్నా ఇచ్చినా బ్రౌజర్ కనీసం 4 మిల్లీసెకన్లు ఆగుతుంది. ప్రమాణంలోనే ఆ నియమం ఉంది. 90 వేలను నాలుగుతో గుణిస్తే 3,60,000 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా ఆరు నిమిషాలు. మీకు ఆరు నిమిషాలు దాటిందంటే ఆ సమయంలో అత్యధిక భాగం ఊరికే ఆగడానికే పోయిందన్నమాట.

కాబట్టి వరుసల లెక్కన కాకుండా సమయం లెక్కన ముక్కలు చేయండి. పర్ఫార్మెన్స్‌.నౌ తో గడియారం చూసుకుంటూ, 10 మిల్లీసెకన్లు గడిచేదాకా ఎన్ని వరుసలు అయితే అన్ని చేసి, అప్పుడు ఒక సెట్‌టైమ్‌అవుట్‌తో ఆగండి. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లే కాబట్టి 10 అన్నాను. క్రోమ్‌లో 2024 నుంచి షెడ్యూలర్‌.యీల్డ్ అనే సదుపాయం ఉంది. అది ఇలా ఆగడానికే వచ్చింది, పైగా మిగిలిన మీ పనిని క్యూలో వెనక్కి నెట్టేయదు. అది లేని బ్రౌజర్లలో సెట్‌టైమ్‌అవుట్ చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మీ గుమస్తా వేరే ట్యాబ్‌కు వెళితే, వెనుక ఉండిపోయిన ట్యాబ్‌లో టైమర్లను బ్రౌజర్లు సెకనుకు ఒకసారికి తగ్గించేస్తాయి.

అయితే ఇవన్నీ చేయడానికి ముందు దయచేసి కొలవండి. డెవలపర్ టూల్స్‌లో పర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరిచి, రికార్డు నొక్కి, మీ బటన్ నొక్కండి. స్క్రిప్టు నడిచిన కాలం పసుపు పట్టీగా కనిపిస్తుంది. 50 మిల్లీసెకన్లు దాటిన ప్రతి టాస్కుకూ పైన ఎర్ర గుర్తు పడుతుంది. ఆ పట్టీ కింద ఏ ఫంక్షన్ ఎంత సమయం తిన్నదో చూడండి. 90 వేల వరుసల కూడిక అంత ఎక్కువ పనేమీ కాదు, 14 సెకన్లు ఎందుకు పడుతోందన్నదే నాకు అనుమానంగా ఉంది.

సమాధానం 2 (రాజాం నుంచి)

పైన చెప్పినదంతా నిజం. జావాస్క్రిప్ట్‌లో థ్రెడ్లు ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం నేను చెబుతాను. ఉన్నాయి. వాటినే వెబ్ వర్కర్లు అంటారు. ఫైర్‌ఫాక్స్ 3.5తో 2009లోనే వచ్చాయి, ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉన్నాయి. లెక్క కోడ్‌ను వేరే ఫైలులో పెట్టి, దాని పేరుతో కొత్త వర్కర్‌ను సృష్టిస్తే, ఆ ఫైలు తనదైన థ్రెడ్‌లో, తనదైన ఈవెంట్ లూప్‌తో నడుస్తుంది. అక్కడ 14 సెకన్లు పట్టినా మీ పేజీలో బటన్లు పనిచేస్తూనే ఉంటాయి.

ఇతర భాషల్లోని థ్రెడ్లకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇక్కడ పేజీకీ వర్కర్‌కూ ఉమ్మడి చరరాశులు ఉండవు. పోస్ట్‌మెసేజ్‌తో అటూ ఇటూ సందేశాలు పంపుకోవలసిందే. పంపిన వస్తువుకు బ్రౌజర్ పూర్తి నకలు తీసి అవతలికి ఇస్తుంది. వర్కర్ నుంచి పేజీలోని మూలకాలను ముట్టుకోలేరు, లోకల్‌స్టోరేజ్ అందదు. ఇండెక్స్‌డ్‌డీబీ (ఈ రెండూ బ్రౌజర్‌లో సమాచారం దాచుకునే చోట్లు), ఫెచ్ మాత్రం అందుతాయి. ఫంక్షన్లను సందేశంగా పంపబోతే డేటాక్లోన్ఎర్రర్ వస్తుంది.

మీ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటును ముందే చెప్పేస్తాను. ఫైలును పేజీలో చదివి, 90 వేల ఆబ్జెక్టులుగా మార్చి, ఆ పెద్ద జాబితాను వర్కర్‌కు పంపకండి. ఆ నకలు తీసే పని మళ్లీ మెయిన్ థ్రెడ్ మీదే పడుతుంది. ఫైలు ఎంచుకునే పెట్టె నుంచి వచ్చిన ఫైల్ ఆబ్జెక్టునే ఉన్నదున్నట్టు పంపండి. అది ఫైలులోని సమాచారం కాదు, దాన్ని చేరుకునే దారి మాత్రమే కాబట్టి వెంటనే వెళ్లిపోతుంది. చదవడం, విడదీయడం, కూడడం అన్నీ వర్కర్‌లోనే జరిగి, 1,800 మంది మొత్తాలు మాత్రమే వెనక్కి వస్తాయి. పెద్ద సంఖ్యల పట్టికలు పంపవలసి వస్తే అర్రేబఫర్‌ను (సంఖ్యలను బైట్లుగా ఉంచే మెమరీ ముక్క) నకలు తీయకుండా అప్పగించే పద్ధతి ఉంది. అప్పగించాక మీ వైపు దాని పొడవు సున్నా అయిపోతుంది, అది పొరపాటు కాదు.

ఫైలు చాలా పెద్దదైతే ముక్కలుగా చదవాలనిపిస్తుంది. అక్కడ తెలుగు వాళ్లం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ‘క’కు మూడు బైట్లు, దాని గుణింతపు గుర్తుకు మరో మూడు పడతాయి. ముక్క సరిగ్గా ఆ మూడింటి మధ్య తెగితే, రైతు పేరులో అక్షరం పోయి ఒక ప్రశ్న గుర్తు డైమండు మిగులుతుంది. 90 వేల వరుసల్లో అలాంటి పేర్లు నాలుగైదు ఉంటే ఎవరి కంటా పడవు, కానీ ఆ నలుగురి తూకాలూ వేరే రైతుల పేరిట లెక్కలో చేరతాయి. బైట్లను అక్షరాలుగా మార్చే టెక్స్ట్‌డీకోడర్‌ను స్ట్రీమ్ అన్న ఎంపికతో వాడితే, తెగిన బైట్లను దాచుకుని తరువాతి ముక్కతో కలుపుకుంటుంది. నేను ఒక జాబితా పనిలో ఈ దెబ్బ తిన్నాను కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ఇంకొన్ని చిన్న సంగతులు. పేజీని డబుల్ క్లిక్‌తో నేరుగా డిస్కు నుంచి తెరిస్తే క్రోమ్ వర్కర్‌ను నడపనివ్వదు. మీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వరు పెట్టుకుని తెరవండి. బటన్ నొక్కినప్పుడల్లా కొత్త వర్కర్‌ను సృష్టించకుండా పేజీ తెరిచినప్పుడే ఒకటి సిద్ధం చేసుకోండి. లెక్కను మధ్యలో ఆపాలంటే టెర్మినేట్ ఒక్కటే తక్షణ మార్గం, ఎందుకంటే లూప్‌లో మునిగిన వర్కర్ మీ ‘ఆపు’ సందేశాన్ని లూప్ ముగిసేదాకా చదవలేదు.

ప్రశ్న వేసినవారు (పలాస)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాజాం వారు చెప్పినట్టే లెక్కను వర్కర్‌లోకి మార్చాను. ఇప్పుడు బటన్ నొక్కగానే ‘లెక్కిస్తున్నాం’ వస్తోంది. లెక్క నడుస్తుండగానే గుమస్తా కొత్త తూకం నమోదు చేసుకోగలుగుతున్నారు. సమయం మాత్రం తగ్గలేదు, అదే 14 సెకన్లు.

అప్పుడు విజయనగరం వారి మాట ప్రకారం కొలిచాను. పసుపు పట్టీలో దాదాపు అంతా ఒకే ఫంక్షన్, రైతును వెతికేది. ప్రతి వరుసకూ 1,800 మంది జాబితాను మొదటి నుంచి చూస్తూ, ప్రతి పోలికలోనూ పేరుకు రెండు వైపులా ఖాళీలు తీసేస్తూ రాశాను. 90 వేలను 1,800తో గుణిస్తే 16 కోట్ల 20 లక్షలు. సగటున సగం దూరంలో దొరికారనుకున్నా 8 కోట్ల పోలికలు. పేరూ ఊరూ కలిపి తాళంచెవిగా పెట్టుకుని ఆ జాబితాను మ్యాప్‌గా, అంటే తాళంచెవి ఇస్తే రైతు నేరుగా దొరికే పట్టికగా మార్చాను. లెక్క ఇప్పుడు ఒక సెకను లోపే ముగుస్తోంది. ఈ స్థితిలో వర్కర్‌ను తీసేయమంటారా?

సమాధానం 3 (విజయనగరం నుంచి)

ఉంచండి. మీ యంత్రంలో ఒక సెకను లోపు పట్టేది కొనుగోలు కేంద్రంలోని పాత కంప్యూటర్‌లో మూడు సెకన్లు పట్టవచ్చు. రాసిన పని ఎలాగూ అయిపోయింది. మొదటి నుంచి రాస్తూ ఉంటే మాత్రం ముందు మ్యాప్, తరువాతే వర్కర్ అనేవాణ్ణి.

సమాధానం 4 (శ్రీకాకుళం నుంచి)

మీ రెండో సందేహానికి ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు. నా దృష్టిలో హ్యాంగ్ అవడం కంటే అదే ముఖ్యమైనది. హ్యాంగ్ అయితే కంటికి కనిపిస్తుంది. ఒకే నంబరు రెండు చీటీలకు పడితే రైతు డబ్బుకు వచ్చేదాకా తెలియదు.

ఒకే థ్రెడ్ ఉన్నచోట రెండు ఫంక్షన్ల వరుసలు ఒకదానిలో ఒకటి దూరవన్నది నిజమే. కానీ ఆ హామీ ఒక అవైట్ నుంచి మరో అవైట్ దాకా మాత్రమే. అవైట్ దగ్గర మీ ఫంక్షన్ పక్కకు తప్పుకుంటుంది, ఆ సందులో మరే పనైనా నడవవచ్చు. మీ కోడ్ బహుశా ఇలా ఉండి ఉంటుంది: చివరి చీటీ నంబరును చదువుతారు, దానికి ఒకటి కలిపి సర్వరుకు పంపి అవైట్ చేస్తారు, జవాబు వచ్చాక కొత్త నంబరును చివరి నంబరుగా దాచుకుంటారు. ఇప్పుడు చివరి నంబరు 412 అనుకోండి. మొదటి నొక్కు 412ను చదివి, 413ను పంపి, అవైట్ దగ్గర ఆగింది. సర్వరు జవాబుకు అర సెకను పట్టింది. ఆ అర సెకనులో రెండో నొక్కు వచ్చి, ఇంకా మారని 412నే చదివి, తనూ 413ను పంపింది. రెండు తూకాలు, ఒకే చీటీ. అవైట్ కనిపించిన ప్రతిచోటా, దానికి ముందు చదివిన విలువ దాని తరువాత కూడా అలాగే ఉంటుందా అని ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకోండి.

ఒకే పేజీలో అయితే, జవాబు వచ్చేదాకా బటన్‌ను నిలిపివేస్తే చాలు. కానీ మీ గుమస్తా రెండు ట్యాబ్‌లు తెరిచి పనిచేస్తే ఒక ట్యాబ్ బటన్ సంగతి మరో ట్యాబ్‌కు తెలియదు. అక్కడ నావిగేటర్‌.లాక్స్ ఉంది. ‘చీటీ’ అనే పేరుతో తాళం అడిగి, చదవడం, పంపడం, దాచడం మూడూ ఆ తాళం లోపలి ఫంక్షన్‌లో పెట్టండి. ఆ ఫంక్షన్ ఇచ్చిన ప్రామిస్ తీరేదాకా అదే సైటుకు చెందిన మరే ట్యాబ్‌కూ, వర్కర్‌కూ ఆ పేరు తాళం దొరకదు. ఇది హెచ్‌టీటీపీఎస్ పేజీల్లోనూ లోకల్‌హోస్ట్‌లోనూ మాత్రమే పనిచేస్తుంది.

మందసలో ఒక కంప్యూటర్, వజ్రపుకొత్తూరులో మరో కంప్యూటర్ ఉంటే ఈ తాళం కూడా చాలదు, ఎందుకంటే అది ఒక బ్రౌజర్ వరకే. చీటీ నంబరును ఇచ్చే అధికారం డేటాబేస్‌కే వదిలేయండి. ఆ గడిని యూనిక్‌గా (ఒకే విలువ రెండుసార్లు రాకుండా) ప్రకటిస్తే రెండో 413ను అది స్వయంగా తిప్పికొడుతుంది. మీకు అసలైన పరిష్కారం ఇదే, బ్రౌజర్‌లో చేసేవన్నీ దీనికి తోడు మాత్రమే.

వెతుకులాటలో జరుగుతున్నదీ ఇదే జాతి పొరపాటు. ‘రా’ అని టైపు చేసినప్పుడు ఒక అభ్యర్థన, ‘రామ’ అన్నప్పుడు మరొకటి వెళుతుంది. మొదటిదానికి ఎక్కువ ఫలితాలు ఉంటాయి కాబట్టి అది ఆలస్యంగా వచ్చి రెండోదాని మీద పడుతుంది. పంపిన వరుసలోనే జవాబులు వస్తాయన్న హామీ ఎక్కడా లేదు. కొత్త అక్షరం పడగానే అబార్ట్‌కంట్రోలర్‌తో పాత ఫెచ్‌ను రద్దు చేయండి, లేదా ప్రతి అభ్యర్థనకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి, తాజా సంఖ్య కాని జవాబును పక్కన పెట్టేయండి. రద్దు చేయడం వల్ల మీ బ్రౌజర్ జవాబును వదిలేస్తుందే గానీ సర్వరులో మొదలైన పని ఆగుతుందన్న నమ్మకం లేదు. అందువల్ల వెతకడానికి రద్దు వాడండి, తూకం నమోదుకు మాత్రం వాడవద్దు.

సమాధానం 5 (బొబ్బిలి నుంచి)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను జావాలో పనిచేస్తాను. నకళ్లు తీయడం, సందేశాలు పంపడం ఇవన్నీ లేకుండా రెండు థ్రెడ్లూ ఒకే మెమరీని పంచుకునే షేర్డ్‌అర్రేబఫర్ బ్రౌజర్‌లో ఉంది కదా, దాన్ని ఎందుకు సూచించలేదు?

సమాధానం 6 (రాజాం నుంచి)

ఉంది. జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణంలో, ఉమ్మడి మెమరీని పోటీ లేకుండా మార్చే అటామిక్స్‌తో పాటు వచ్చింది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడగానే బ్రౌజర్లు దాన్ని మూసేశాయి. ఉమ్మడి మెమరీలో ఒక వర్కర్ ఒక అంకెను నిరంతరం పెంచుతూ ఉంటే అది చాలా సూక్ష్మమైన గడియారంగా పనిచేస్తుంది. అలాంటి గడియారం ఆ దాడికి ఆయుధమవుతుంది. తరువాత తిరిగి వచ్చింది గానీ, పేజీని ఇతర సైట్ల నుంచి వేరుపరిచే రెండు ప్రత్యేక హెడర్లను సర్వరు పంపితేనే దొరుకుతుంది. ఆ హెడర్లు పెట్టాక, బయటి నుంచి తెచ్చుకునే బొమ్మలు, స్క్రిప్టులు తగిన అనుమతి లేకపోతే ఆగిపోతాయి. పైగా మెయిన్ థ్రెడ్ మీద అటామిక్స్‌.వెయిట్‌తో ఆగడానికి వీల్లేదు. ధ్వని, వీడియో, సీ లాంటి భాషల నుంచి వచ్చిన పెద్ద ప్రోగ్రాములు అయితే దాని అవసరం ఉంటుంది. 1,800 మంది మొత్తాలకు సందేశమే సుఖం. జావాలో సింక్రనైజ్డ్ (ఒకేసారి ఒక థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే మాట) మరచిపోయి రాత్రుళ్లు వెతికిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది, ఆ అవస్థను ఇక్కడికి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న వేసినవారు (పలాస)

శ్రీకాకుళం వారు ఊహించిన కోడ్ నేను రాసినదే, దాదాపు అక్షరం పొల్లుపోకుండా. వెతుకులాటకు వరుస సంఖ్య పెట్టాను, సరిగా వస్తోంది. డేటాబేస్‌లో చీటీ నంబరును యూనిక్‌గా మార్చబోతే, పాత సమాచారంలో నకలు నంబర్లు ఉన్నాయంటూ అది ఒప్పుకోలేదు. వెతికితే ఒకే నంబరుతో ఉన్న జతలు పదకొండు దొరికాయి. అన్నీ సీజన్ రద్దీగా ఉన్న రోజుల్లోవే. వాటిలో తొమ్మిదింటికి కాగితం చీటీలు మా దగ్గర ఉన్నాయి, సరిచూశాను. మిగిలిన రెండింటి కోసం రేపు ఆ రైతుల దగ్గరికే వెళుతున్నాను. వాళ్ల దగ్గరున్న చీటీలు చూశాకే ఆ గడిని యూనిక్‌గా మారుస్తాను.